ముద్గయూషము (పెసరకట్టు) – ఎంత చిక్కన? ఎన్నాళ్ళు?

పెసరపప్పు లేని తెలుగువారి వంటిల్లు ఉండదు. ఇంట్లో ఎవరికైనను జ్వరము విడిచినదనగానే పెద్దవారి నోట వచ్చు మొదటిమాట "కాస్త పెసరకట్టు కాచి పోయండి" అన్నదే. ఆ మాట శాస్త్రసమ్మతమైనదే. అయితే కట్టు అనగా నేమి, దానిని ఎంత చిక్కగా కాచవలెను, ఎవరికి ఎన్నాళ్ళు ఈయవలెను అని అడిగినచో చాలమంది తడుముకొందురు. కొందరు ముద్దపప్పును కొంచెము పలుచన చేసి దానినే కట్టు అందురు. మరికొందరు పప్పు ఉడికిన తేటను మాత్రమే వంచి, అదియే బలమని నమ్ముదురు. ఈ రెండును పొరపాట్లే. మొదటి పొరపాటు వలన రోగికి అజీర్ణము కలుగును. రెండవ పొరపాటు వలన రోగి క్రమముగా క్షీణించును. ఈ రెండవ దాని విషయములో నా చేతిమీదుగా జరిగిన తప్పు ఒకటి కలదు. దానిని కూడ ఈ పాఠములో దాచక చెప్పెదను.

యూషము అనగా నేమి?

పప్పుధాన్యమును ఎక్కువ నీటిలో బాగుగా ఉడికించగా వచ్చు ద్రవాహారమునకు యూషమని పేరు. మనము కట్టు అని పిలుచునది ఇదియే. శార్ఙ్గధరసంహితలో ఒక పలము ద్రవ్యమునకు ఒక ప్రస్థము నీరు చెప్పబడినది. ప్రస్థమనగా 16 పలములు. అనగా పప్పుకు 16 రెట్లు నీరు అన్నమాట. దీనికి శొంఠి, పిప్పళ్ళు అర కర్షము చేర్చుమన్నారు. భావప్రకాశములో 18 రెట్ల నీరు చెప్పబడినది. పలము సుమారు 48 గ్రాములు, కర్షము సుమారు 12 గ్రాములు. నేటి ఇండ్లలో శొంఠి, పిప్పళ్ళు అంత మోతాదు అవసరము లేదు. చిటికెడు చాలును.

యూషము రెండు విధములు. ఉప్పు, నెయ్యి, మిరియాలు మొదలగు సంస్కారము లేక కేవలము ఉడికించినది అకృతయూషము. వీటితో సంస్కరించినది కృతయూషము. అకృతము తేలికైనది, కృతము దానికంటె బలమైనది. అందువలన రోగికి మొదట అకృతము, పిదప కృతము ఈయవలెనని క్రమము ఏర్పడినది. ఈ చిన్న భేదము తెలిసియున్నచో పథ్యములో సగము తెలిసినట్లే.

పెసలకే పెద్దపీట ఏల?

చరకసంహిత సూత్రస్థానములో ఏ వర్గమునందు ఏది మిక్కిలి పథ్యము, ఏది అపథ్యము అను పట్టిక కలదు. అందు శమీధాన్యములలో, అనగా కాయలలో పండు పప్పుధాన్యములలో, పెసలు మిక్కిలి పథ్యమనియు, మినుములు అపథ్యమనియు చెప్పబడినది. మినుములు పనికిరానివని దీని అర్థము కాదు. అవి గురువులు, బలమును వృద్ధిచేయునవి. అగ్ని దీప్తిగా నున్నవానికి చక్కని ఆహారము. పడకపై నుండి లేచినవానికి మాత్రము తగవు.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములో పెసలు కొంచెముగా మాత్రమే వాతమును చేయుననియు, కలాయము, అనగా బఠానీ, మిక్కిలి వాతము చేయుననియు తెలిపిరి. బఠానీపప్పు తిన్న రాత్రి కడుపు ఉబ్బరించినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

నేటి పోషకశాస్త్రము ప్రకారము 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 350 కిలోక్యాలరీల శక్తి కలవు. పప్పులోని మాంసకృత్తులలో కొరవడిన అంశము బియ్యములో కలదు, బియ్యములో కొరవడినది పప్పులో కలదు. కనుకనే పప్పు, అన్నము ఒకదానికొకటి తోడై పూర్ణాహారమునకు దగ్గరగును. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు రాగలదు.

కట్టు మూడు తరగతులు

గృహిణులకు సులభముగా నుండుటకు నేను కట్టును మూడు తరగతులుగా విభజించి చెప్పుచుందును. మూడింటికిని పొట్టు తీసిన పెసరపప్పునే వాడవలెను. పప్పును ముందుగా నూనె లేకుండ మూకుడులో సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు దోరగా వేయించి, పిదప రెండు మూడు నీళ్ళతో కడుగవలెను. వేయించిన పప్పు తేలికగా జీర్ణమగును.

1. పలుచని కట్టు (అకృతము): పెసరపప్పు 50 గ్రాములు, అనగా పావు కప్పు. నీరు 900 మిల్లీలీటర్లు. నీరు మరిగిన పిదప పప్పు వేసి, మూత ఓరగా పెట్టి, సన్నని సెగపై సుమారు 40 నిమిషములు ఉడికించవలెను. పైకి వచ్చు నురుగును గరిటెతో తీసివేయవలెను. నీరు సగమునకు ఇగిరి పప్పు పూర్తిగా చిదిరిన పిదప దింపి, పలుచని గుడ్డలో లేక జల్లెడలో వడగట్టవలెను. ఇందులో చిటికెడు శొంఠిపొడి మాత్రము వేయవలెను. గోరువెచ్చగా, పూటకు ఒక చిన్న గ్లాసు చొప్పున, గుక్కగుక్కగా త్రాగించవలెను. ఇది జ్వరము అప్పుడే విడిచి, నాలుకకు రుచి తెలియక, ఆకలి పుట్టనివారికి.

2. నడితరపు కట్టు (కృతము): పెసరపప్పు 50 గ్రాములు, నీరు 600 మిల్లీలీటర్లు. పై విధముననే ఉడికించి, వడగట్టకుండ పప్పుగుత్తితో బాగుగా మెదిపి, పప్పంతయు కట్టులోనే ఉండునట్లు చేయవలెను. అర చెంచా నేతిలో పావు చెంచా జీలకర్ర, చిటికెడు మిరియాలపొడి, చిన్న అల్లపు ముక్క తురుము వేసి తిరగమోత పెట్టి, రుచికి సైంధవలవణము చేర్చవలెను. పులుపు ఇష్టమైనవారు దించిన తరువాత దానిమ్మరసము రెండు చెంచాలు గాని, ఉసిరికపొడి చిటికెడు గాని కలుపుకొనవచ్చును. చింతపండు ఈ దశలో వద్దు. ఇది ఆకలి మొదలైనవారికి. దీనితోపాటు మెత్తని అన్నము రెండు మూడు ముద్దలు కలిపి ఈయవలెను.

3. చిక్కని కట్టు: పెసరపప్పు 100 గ్రాములు, నీరు 700 మిల్లీలీటర్లు. పప్పు సగము ఉడికిన పిదప సొరకాయ, బీరకాయ, క్యారెట్ ముక్కలు కలిపి ఒక కప్పు, గుప్పెడు మునగాకు వేసి, చిటికెడు పసుపుతో మెత్తగా ఉడికించవలెను. ఒక చెంచా నేతిలో జీలకర్ర, ఇంగువ, వెల్లుల్లి రెండు రెబ్బలు, కరివేపాకు వేసి పోపు పెట్టవలెను. ఇది ముగ్గురికి సరిపోవును. ఇది రోగి ఆహారము కాదు, ఇంటిల్లిపాది ఆహారము. అన్నముతో గాని, జొన్నరొట్టెతో గాని తీసికొన్నచో రాత్రి భోజనమునకు మరేమియు అక్కరలేదు.

గరిటెతో తీసి పళ్ళెములో పోసి చూచినచో ఏది ఏ తరగతియో తెలియును. మొదటిది నీటివలె పరుగెత్తి పసుపుచాయ మాత్రము మిగుల్చును. రెండవది గరిటె వెనుకభాగమున పూతవలె నిలుచును. మూడవది నెమ్మదిగా జారి పళ్ళెములో గుండ్రముగా పరచుకొనును. మా గురువుగారు వంటశాలలో మాచేత కట్టు కాయించి, పళ్ళెములో పోయించి చూచిన పిదపగాని రోగి వద్దకు పంపెడివారు కారు.

బఠానీపప్పు కట్టు

బఠానీపప్పుతో చేసిన చిక్కని సూపును ఇప్పుడు మన ఇండ్లలోను కాచుకొనుచున్నారు. అది కూడదా అని పలువురు అడుగుదురు. అగ్నిబలము కలవారికి, శరీరశ్రమ చేయువారికి, చలికాలములో నిరభ్యంతరముగా కూడును. అయితే దాని వాతగుణమును తగ్గించు సంస్కారము తప్పనిసరి.

పసుపుపచ్చని బఠానీపప్పు 150 గ్రాములను 6 నుండి 8 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోయవలెను. కడుపులో వాయువు పుట్టించు కొన్ని చక్కెరలు ఆ నీటిలోనికి దిగును. పిదప లీటరు మంచినీటిలో, నురుగు తీయుచు, ఒక గంటసేపు ఉడికించవలెను. ప్రెషర్ కుక్కర్‌లో నైనచో పాత్రను సగమునకు మించి నింపరాదు. పప్పునురుగు పైకి వచ్చి ఆవిరిగొట్టమునకు అడ్డుపడును. పప్పు మెత్తబడిన పిదప ఉల్లిపాయ ఒకటి, క్యారెట్ ఒకటి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అంగుళము అల్లము సన్నగా తరిగి వేసి మరల పావుగంట ఉడికించి మెదపవలెను. రెండు చెంచాల నేతిలో ఇంగువ, జీలకర్ర, వాము, మిరియాలపొడి వేసి కలపవలెను. ఉప్పు చివరనే వేయవలెను. ఈ కొలత నలుగురికి సరిపోవును. దీనిని వేడివేడిగా మధ్యాహ్నము తీసికొనుట మంచిది. కడుపు ఉబ్బరము, కీళ్ళనొప్పులు కలవారు, మలబద్ధకముతో బాధపడువారు, జ్వరము నుండి కోలుకొనుచున్నవారు పెసరకట్టుతోనే సరిపెట్టుకొనవలెను.

నా చీటీలో లేని మాట

ఇక నా పొరపాటు సంగతి. 2004వ సంవత్సరములో తొమ్మిదేండ్ల బాలుని అతని నాయనమ్మ నా వద్దకు తీసికొనివచ్చినది. బాలుడు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చికిత్స పొంది, జ్వరము పూర్తిగా విడిచి ఇంటికి వచ్చినాడు. అన్నము చూచిన మొగము త్రిప్పుకొనుచున్నాడని ఆమె బాధ. నాలుకపై తెల్లని పూత కలదు. పరీక్షించి, ఆకలి పుట్టించుటకు ఒక చూర్ణము ఇచ్చి, చీటీలో ఇట్లు వ్రాసితిని: "పలుచని పెసరకట్టు, మజ్జిగతేట. నూనె వంటలు, పచ్చళ్ళు వద్దు." ఆ రోజు వాకిట జనము ఎక్కువగా నుండిరి. మరొక మాట చెప్పుటకు తీరిక లేక తరువాతి రోగిని పిలిచితిని.

ఇరువదినాలుగు దినములు గడచిన పిదప ఆమె మరల వచ్చినది. బాలుడు ఆమె భుజముపై తల వాల్చియున్నాడు. మొదటిసారి 23 కిలోలు తూగిన బిడ్డ ఇప్పుడు 20 కిలోలు మాత్రమే తూగెను. నిలువబెట్టిన కాళ్ళు వణకుచున్నవి. నాలుక మాత్రము శుభ్రముగా నున్నది.

"మీరు చెప్పింది తు.చ. తప్పలేదయ్యా. మూడుపూటలా కట్టే పోశాను. ఒక్క మెతుకు పెట్టలేదు" అని ఆమె అన్నది.

"వడగట్టిన పప్పు ఏంచేశారమ్మా?" అని అడిగితిని.

"సారమంతా నీళ్ళలోకే దిగుతుంది గదా, పిప్పి దేనికని గేదెకు వేశాను."

అప్పుడు ఆ బాలుడు తల ఎత్తి, "డాక్టరు గారూ, నాకు అన్నం ఎప్పుడు పెట్టమంటారు?" అని అడిగినాడు.

నాకు నోట మాట రాలేదు. ఆకలి పుట్టించుటకే మందు ఇచ్చితిని. ఆ ఆకలి ఎన్నడో పుట్టినది. పుట్టిన ఆకలికి అన్నము పెట్టుమని చెప్పవలసిన మాట నా చీటీలో లేదు. ఆ తల్లి తప్పు ఇసుమంతయు లేదు. వైద్యుని మాటను ఆమె నమ్మినది.

లెక్క చూచినచో విషయము స్పష్టమగును. పూటకు 50 గ్రాముల పప్పు చొప్పున మూడు పూటలకు 150 గ్రాములు. అదంతయు తిన్నను 525 కిలోక్యాలరీలకు మించదు. అందులో అధికభాగము వడగట్టిన పిప్పితోపాటు గేదెకు పోయినది. ఆ వయస్సు బాలునికి దినమునకు 1500 కిలోక్యాలరీలకు పైగా కావలెను. కట్టు తేటలోనికి కొన్ని లవణములు, కొంత పిండిపదార్థము, కొద్దిగా మాంసకృత్తులు దిగును. మిగిలినది పప్పులోనే ఉండును. సారమంతయు నీటిలోనికి దిగునన్నది మన ఇండ్లలో బలముగా పాతుకొన్న భ్రమ.

ఆ బాలుని వెంటనే పిల్లల వైద్యుని వద్దకు పంపి పరీక్షలు చేయించితిమి. అట్లు క్షీణించినవానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టుట కూడ ప్రమాదకరమే. వారి సలహాతో కొద్దికొద్దిగా, దినమునకు ఆరుసార్లు, వడగట్టని కట్టుతో మెత్తని అన్నము, పిదప నేతితో పెసరపప్పు పులగము, పాలు, అరటిపండు, ఆ తరువాత ఇంటి భోజనము పెంచుకొనుచు వచ్చితిమి. ఆరు వారములకు పోయిన తూకము తిరిగి వచ్చినది. నాటి నుండి నేను వ్రాయు ప్రతి పథ్యపు చీటీలో "ఎంత చిక్కన, ఎంత మోతాదు, ఎన్ని దినములు" అను మూడును తప్పక ఉండును.

శాస్త్రము చెప్పిన గడువు

నిజమునకు ఈ గడువు శాస్త్రములో ముందే కలదు. వమన విరేచనములచే శోధన చేయించుకొన్నవారికి చరకుడు చెప్పిన ఆహారక్రమములో మొదట పేయ, పిదప విలేపి, అటుపిమ్మట అకృతయూషము, కృతయూషము, చివరకు మాంసరసము. ఉత్తమశుద్ధి అయినవారికి ఒక్కొక్క మెట్టు మూడు అన్నకాలములు, మధ్యమమునకు రెండు, అల్పమునకు ఒకటి. ఎంత ఎక్కువ శుద్ధి అయినను ఏడు దినములలో రోగి సాధారణ భోజనమునకు రావలెను. అనగా యూషము మెట్టు మాత్రమే, ఇల్లు కాదు. మెట్టుపై కాలు పెట్టి పైకి పోవలెను. అక్కడనే కాపురము ఉండరాదు. లంఖణము పరమౌషధమన్న పెద్దల మాట కూడ అజీర్ణమున్నంతవరకే చెల్లును.

సామాన్య జ్వరము విడిచినవారికి నేను చెప్పు క్రమము ఇది. మొదటి దినము పలుచని కట్టు, అవసరమైనచో రెండవ దినము ఉదయము కూడ. దానితోపాటు బియ్యపు జావ ఉండవలెను. రెండవ, మూడవ దినములలో నడితరపు కట్టుతో మెత్తని అన్నము. నాలుగవ దినము నుండి పులగము, కూరగాయల కట్టు. వారము తిరుగుసరికి ఇంటివారితో కలిసి భోజనము. పలుచని కట్టును మాత్రమే ఆహారముగా రెండు దినములకు మించి ఎవరికిని ఈయరాదు. అప్పటికిని ఆకలి పుట్టనిచో ఇంట్లో ప్రయత్నములు మాని వైద్యునకు చూపవలెను.

మెట్టు ఎక్కుటకు గుర్తులు

ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు ఎప్పుడు పోవలెనో శరీరమే చెప్పును. తిన్నది జీర్ణమైనదనుటకు శాస్త్రము చెప్పిన గుర్తులు ఇవి: పుల్లని వాసన లేని శుద్ధమైన త్రేన్పు, మనస్సుకు ఉత్సాహము, మలమూత్రములు సుఖముగా విడుచుట, శరీరము తేలికగా నుండుట, ఆకలి, దప్పిక. మా గురువుగారు ప్రతి ఉదయము రోగి నాడి చూచుటకు ముందే "ఆకలి వేసిందా నాయనా?" అని అడిగెడివారు. వేసినదన్నచో ఆ పూటకు కట్టు చిక్కన చేయించెడివారు. త్రేన్పులో నిన్నటి ఆహారపు వాసన ఉన్నచో ఆ మెట్టుపైననే మరొక పూట నిలిపెడివారు. ఈ ప్రశ్నను నేను ఆనాడే ఆ నాయనమ్మకు నేర్పియుండవలసినది.

జాగ్రత్తలు

కట్టు పథ్యమే గాని ఔషధము కాదు. జ్వరము మూడు దినములకు మించి ఉన్నను, వాంతులు ఆగకున్నను, మూత్రము తగ్గినను, శరీరముపై ఎఱ్ఱని మచ్చలు, రక్తస్రావము, మగత కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విరేచనములకు కట్టుతేట ఓ.ఆర్.ఎస్.కు బదులు కాదు. ఆరు నెలలలోపు శిశువుకు తల్లిపాలు తప్ప కట్టుతేట కూడ పోయరాదు. మూత్రపిండముల వ్యాధి కలవారు పప్పు ఎంత తినవలెనో తమ వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మధుమేహమునకు మందులు వాడువారు కేవలము కట్టుతో పూట గడిపినచో చక్కెర పడిపోవు ప్రమాదము కలదు.

కట్టును ఏ పూటకు ఆ పూట కాచుకొనవలెను. వేసవిలో ఉదయము కాచినది సాయంకాలమునకు పులిసిపోవును. పులిసిన కట్టును మరగబెట్టినను రోగికి ఈయరాదు.

పాఠకులకు చివరిగా ఒక్క మనవి. ఇంట్లో ఎవరికైనను పథ్యముగా పెసరకట్టు పొయ్యిమీద పెట్టిన దినమున, గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి ఒక గుర్తు పెట్టుడు. రెండు గడులు దాటి మరొక గుర్తు పెట్టుడు. ఆ రెండవ గుర్తు వచ్చు దినమునకు విస్తరిలో అన్నము ఉండవలెను. లేనిచో రోగి వైద్యుని ఎదుట ఉండవలెను.